సమస్యాపూరణం: ‘పరుల సొమ్ము మనకు బలము నిచ్చు’

నిర్వహణ (కడప): ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. పూరణ అన్యదేశ్యాల మీద సాగాలి. అంటే పరభాషలో పుట్టి, జాబు–జాబులు–జాబుకు అన్నట్టు మన ప్రత్యయాలతో నడిచే మాటలు. సంస్కృత సమాలు (సంస్కృతం నుంచి నేరుగా వచ్చిన మాటలు) ఇందులోకి రావు. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర ఈ మాటల కోసమే 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) ప–బ కుదిరే ఉంది. చిక్కంతా మూడో పాదం చివర: అక్కడ ద్రుతాంతం (‘ను’ వంటి నకారంతో ముగిసే మాట) పడితే ‘పరుల’ కాస్తా ‘బరుల’ అవుతుంది.

ప్రొద్దుటూరు:
కాగితమ్ము జాబు కచ్చేరి తారీఖు
పారసీకమైన భయము లేదు
తెలుగు నుడిని గలసి తేటయై నిలిచెను
పరుల సొమ్ము మనకు బలము నిచ్చు

నిర్వహణ: చెప్పిన చిక్కే వచ్చింది. ‘నిలిచెను’ ద్రుతాంతం. ‘నిలిచిన’ అనండి. గణం నలమే (నాలుగు లఘువులు), పైగా అన్వయం నేరుగా ‘పరుల సొమ్ము’కు తగులుతుంది. కచ్చేరి హిందుస్తానీ మాట, పారసీకం కాదు. దాని బదులు ‘ఖర్చులు’ వేస్తే భగణం (గురువు, రెండు లఘువులు), యతీ చెడదు. జాబు, తారీఖు అరబ్బీలో పుట్టినా పారసీకం మీదుగానే వచ్చాయి, ఉండనివ్వండి. ‘నుడిని గలసి’లో సరళాదేశం (ద్రుతం తర్వాత ‘క’ ‘గ’ కావడం) చక్కగా చేశారు.

ఆదోని:
మేస్త్రి చేత వెలసి మెఱసిన యలమార
పోర్చుగీసు నుడులె మనకు దక్కె
వింత పదములైన విడువక వాడెడు
పరుల సొమ్ము మనకు బలము నిచ్చు

ప్రొద్దుటూరు: రెండో పాదంలో యతిభంగం. ‘పో’కు ‘మ’ చెల్లదు. ‘మనకు’ సమస్యలోనే ఉంది కాబట్టి పునరుక్తి కూడా. ‘పోర్చుగీసు నుడులె, పొందెఁ దెనుగు’ అంటే రెండూ తీరతాయి. మొదటి పాదం ఎంత బాగుందో! మేస్త్రీ, అలమారా రెండూ ఆ ఓడల్లో దిగినవే.

గుత్తి:
కాపు కాచె నేల గర్భాన వేర్సెన్గ
కడలి దాటి వచ్చి కడుపు నింపె
రాళ్ళ సీమ రైతు రాత మార్చినయట్టి
పరుల సొమ్ము మనకు బలము నిచ్చు

ఆదోని: ‘వేర్సెన్గ’లో తగణం (రెండు గురువులు, లఘువు) కుదిరింది కానీ మాట విరిగింది. మా వైపు అనే ‘బుడ్డలు’ పెట్టండి, భగణం.

నిర్వహణ: మూడో పాదం ఈ వారం వచ్చినవాటిలో మేలు. కానీ విషయం తప్పింది. పంట దక్షిణ అమెరికాది, పేరు మనది. అన్యదేశ్యం అన్నది మాటకే చెల్లుతుంది, వస్తువుకు కాదు. పండూ పేరూ రెండూ బయటివి కావాలంటే అనాస ఉంది. అది జగణం (లఘువు, గురువు, లఘువు), ఒంటిగా ఆటవెలదిలో వాడే సూర్యగణంలోనూ ఇంద్రగణంలోనూ ఒదగదు. ‘తోట యనాసలు’ అని విరిచి బేసి పాదం చివర రెండు భగణాలుగా పెట్టండి. పాదం మొదట తొ, తో, దొ, తు లాంటి అక్షరం ఉండాలి.