మురికివాడ: విగ్రహవాక్యం ఎలా చెప్పాలి?

నెల్లూరు నుంచి ప్రశ్న:
మా పాప పదో తరగతి. సమాసాల అభ్యాసంలో ‘మురికివాడ’ వచ్చింది. ‘మురికియైన వాడ’ అని రాసి, విశేషణ పూర్వపద కర్మధారయం అంది. ‘మురికి గల వాడ’ అనాలేమోనని నా అనుమానం. ఈలోపు మా తమ్ముడు ‘మురికి మనుషులుండే వాడ అని రాయి, సరిపోతుంది’ అని నవ్వాడు. పాప నిజమనుకుంది. పెద్దలు చెప్పండి.

ఒంగోలు:
కర్మధారయమే. ‘మురికి’ నామవాచకమైనా ‘మురికి బట్టలు’ అన్నప్పటిలాగే ఇక్కడా విశేషణంగా నిలుస్తుంది. అది వాడకు విశేషణం, అక్కడుండే జనానికి కాదు. తమ్ముడుగారిది వ్యాకరణం కాదు, వెటకారం.

కావలి:
నన్నడిగితే చతుర్థీ తత్పురుషం మాస్టారూ. మురికి కొరకు వాడ! పట్నం కాలవలన్నీ పారేది ఆ పల్లానికే గదా.

నెల్లూరు, మరొకరు:
కావలి అన్న నవ్వుతూ అన్నా, నాకు అదే సరైనదనిపిస్తోంది. ‘వాడ’లో చిన్నతనం ఏమీ లేదు. ఊరూవాడా, వాడవాడలా అని పండగ మాటల్లోనూ వాడతాం. ముందు ‘మురికి’ చేరేసరికి ఆ మరక జనానికి అంటుకుంటోంది. 2011 జనగణన ‘స్లమ్’కి ఇచ్చిన నిర్వచనం చూడండి. కనీసం 300 మంది, లేదా సుమారు 60–70 కుటుంబాలు ఉండాలి. ఇరుకైన నాసిరకం ఇళ్ళు, శుభ్రంలేని పరిసరాలు, సరైన మరుగుదొడ్లు, తాగునీరు లేకపోవడం. ఇందులో మనుషుల బుద్ధుల గురించి ఒక్క ముక్కా లేదు. లేనివల్లా మున్సిపాలిటీ కల్పించాల్సినవే.

మన ఊళ్ళోనే పొర్లుకట్ట ఉంది. పేరే చెబుతోంది, నది పొర్లకుండా వేసిన కట్ట అని. మంచి చోటు కొనలేనివాళ్ళకు అలాంటి చోట్లే మిగులుతాయి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పొర్లుకట్ట, భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి. ఆ బురద ఎవరు తెచ్చినట్టు?

ఇంకోటి. పట్నంలో తెల్లారకముందే వీధులు ఊడ్చేవాళ్ళు, ఇళ్ళలో పాచిపని చేసేవాళ్ళు, బేల్దారి పనికి పోయేవాళ్ళు చాలామంది వచ్చేది ఇలాంటి చోట్ల నుంచే. మన ఇల్లు శుభ్రం చేసి పోయిన మనిషి ఉండేచోటికి ‘మురికి’ అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు. ఇంటి తాళాలు ఆమె చేతికే ఇస్తాం, ఉంగరం కనపడకపోతే మొదటి అనుమానమూ ఆమె మీదే.

గూడూరు:
అన్నీ నిజమే గానీ, అక్కడ తాగుడూ గలాటా ఎక్కువని ఒప్పుకోవాలి కదండీ.

నెల్లూరు, మరొకరు:
ఎక్కువని ఎలా తేల్చారు? మన అపార్ట్‌మెంట్లలో తలుపేసుకుని తాగుతారు, టీవీ సౌండు పెంచి పోట్లాడుకుంటారు. ఒంటిగది ఇంట్లో మాట కాస్త పెరిగితే వీధంతా వింటుంది. మన లెక్కంతా వినపడినదాన్ని బట్టే. ‘కట్టమీద పిలకాయల మాదిరి అరవబాకండి’ అని మా పెద్దమ్మ మమ్మల్ని తిట్టేది. ఆ కట్టమీద పిలకాయలు బడి అయ్యాక మెకానిక్ షెడ్డులో చేస్తుంటే మాత్రం ఎవరికీ కనపడలేదు.

ఒంగోలు:
బదులు మాట ఉందా? హైదరాబాదులో ‘బస్తీ’ అంటారు, నివాసముండే చోటు అనే అర్థంలో. మన వైపు పాతవాళ్ళకు బస్తీ అంటే పట్నమే.

నెల్లూరు, మరొకరు:
‘బస్తీ’ మన దగ్గర నిలవదు. అక్కడివాళ్ళు కాలనీ అనే అంటారు, మనమూ కాలనీ అంటే చాలు. పుస్తకంలో మురికివాడ ఉంటే పాప ‘మురికియైన వాడ’ అనే రాయాలి, మార్కులు పోగొట్టుకోనక్కర్లేదు. తమ్ముడికి మాత్రం చతుర్థి చెప్పండి.