యూనివర్సిటీ టీచర్లకు రీసెర్చ్ డబ్బు: పోటీ పెట్టి ఇవ్వాలా, ఏటా అందరికీ కొంత ఇవ్వాలా?

పొదిలి బస్సు

నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్తాను. ఏ యూనివర్సిటీ అన్నది వద్దు, సొంతూరు మాత్రం పొదిలి దగ్గర. నెల్లూరు, ప్రకాశం టీచర్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు కాబట్టి ఎప్పట్నుంచో మనసులో నలుగుతున్న సంగతి అడుగుతున్నాను.

మా వైపు నీళ్ళ సంగతి మీకు తెలుసు. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్ళు పాడయ్యే రోగం) గురించి వైద్య పత్రికలో మొదటిసారి వివరంగా రాసింది 1937లో. ఆ రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో కదా. మా నాయనమ్మ నడుము వంగిపోయింది ఆ నీళ్ళు తాగే.

మూడేళ్ళుగా నలభై బోర్ల నీళ్ళు ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి పట్టి కొలుస్తున్నాను. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. ఒకే బోరు ఏడాదిలో ఈ గీతకు అటూ ఇటూ ఎలా ఊగుతుందో తెలియాలంటే పదేళ్ళు కొలవాలి. ఇందులో గొప్ప పరికరాలేం లేవు. ప్లాస్టిక్ సీసాలు, మార్కర్ పెన్ను, బస్సు చార్జీలు, ల్యాబులో మీటరు. ఆ మీటరు ఎలక్ట్రోడ్ పోయి ఏడాదైంది. రెండుసార్లు ప్రపోజల్ రాశాను, రెండుసార్లూ వెనక్కి వచ్చింది. రెండోసారి వచ్చిన మాట: "కొత్తదనం తక్కువ."

నిజమే, కొత్తదనం లేదు. 1937 నుంచీ ఉన్న రోగం. పోటీలో కొత్తది గెలుస్తుంది, పాత బాధ ఓడిపోతుంది. అందుకే అడుగుతున్నాను: రెగ్యులర్ పోస్టులో ఉన్న ప్రతి టీచరుకూ ఏటా రెండు లక్షలు, పోటీ లేకుండా, లెక్క చెప్పే షరతు మీద ఎందుకు ఇవ్వకూడదు?

ఉదయగిరి కొండ

నాన్నా, నేను రిటైరై ఆరేళ్ళు. నెల్లూరులోనే ఉంటున్నాను. చాలా ఏళ్ళు ఇతరుల ప్రపోజల్స్ చదివి మార్కులు వేసిన అనుభవంతో చెప్తున్నా, మీ మాటతో ఏకీభవించలేను.

అందరికీ పంచితే ఏమవుతుందో కళ్ళారా చూశాను. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) మైనర్ ప్రాజెక్టులు, అంటే చిన్న గ్రాంట్లు, ఉన్న రోజుల్లో కాలేజీ టీచర్లకు హైదరాబాద్ ప్రాంతీయ ఆఫీసు నుంచి డబ్బు వచ్చేది. అది పూర్తిగా పంపకం కాదు, అయినా చాలామందికి అందేది. కొందరు బంగారంలాంటి పని చేశారు. ఎక్కువమంది ల్యాప్‌టాప్, ప్రింటర్ కొన్నారు, నాలుగు పుస్తకాలు తెప్పించారు, రిపోర్టు బైండింగ్ చేయించి బీరువాలో పెట్టారు. ఆ బీరువా తాళం నా దగ్గరే ఉండేది, అందుకే తెలుసు.

దారులు లేవనడం కూడా సరికాదు. రీసెర్చ్‌కి నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ ఉన్నప్పుడు స్టేట్ యూనివర్సిటీల వాళ్ళ కోసమే 'షూర్' అని పెట్టారు, మూడేళ్ళకు 30 లక్షల దాకా. పెద్ద సంస్థలో కొన్నాళ్ళు పని చేసుకుని రావడానికి 'టేర్' పెట్టారు. ఇప్పుడు సెర్బ్ స్థానంలో 2023 చట్టంతో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. పెద్ద సంస్థ చుట్టూ మనలాంటి యూనివర్సిటీలను కలిపి ఒక్కో జట్టుకు 100 కోట్ల దాకా ఇచ్చే 'పెయిర్' స్కీములో ఎక్కువ వాటా పెద్ద సంస్థకు కాదు, చుట్టూ ఉన్నవాటికే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అలాంటి ఒక జట్టుకు పెద్ద. మనవాళ్ళు ఎంతమంది అడిగారు? చివరి తేదీకి ముందురోజు రాత్రి కూర్చుని రాసిన ప్రపోజల్ చదివేవాడికి రెండో పేజీలోనే తెలిసిపోతుంది.

కావలి ప్యాసింజర్

ఇద్దరికీ నమస్కారం. సార్, మీరు "రెగ్యులర్ పోస్టులో ఉన్న ప్రతి టీచరుకూ" అన్నారు. అక్కడే ఆగిపోయాను.

నేను గెస్ట్ ఫ్యాకల్టీని. పదకొండేళ్ళుగా ఎమ్మెస్సీ వాళ్ళకు పాఠాలు చెప్తున్నాను, పీహెచ్‌డీ ఉంది, పేపర్లు ఉన్నాయి. ఉదయగిరి సార్ చెప్పిన ఆ దారుల్లో చాలావాటి గుమ్మం మీద "రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి" అనే మాట ఉంది. మన స్టేట్ యూనివర్సిటీల్లో ఖాళీలు ఎన్నేళ్ళుగా నింపలేదో మీ అందరికీ తెలుసు. క్లాసులు నడిపేది ఎక్కువగా మేమే. పోటీ పెట్టినా మేము బయటే, పంచినా బయటే. మీరిద్దరూ కొట్లాడుకుంటున్న గది తలుపు మాకు తెరవనే లేదు.

పొదిలి బస్సు

మేడమ్, తప్పు నాదే. రాసేటప్పుడు ఆ మాట చేతికి అలవాటుగా వచ్చేసింది. పాఠం చెప్పే ప్రతి ఒక్కరికీ అని మార్చుకుంటున్నాను.

ఉదయగిరి సార్‌కి ఒక మాట. 2022లో టీచర్స్ డే రోజు యూజీసీ కొత్త స్కీములు ప్రకటించింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు రెండేళ్ళకు 10 లక్షలు. దేశం మొత్తానికి 200 మందికి. అర్హత చూడండి: ఐదుగురికి పీహెచ్‌డీ ఇప్పించి ఉండాలి, బయటి నిధులతో రెండు ప్రాజెక్టులు పూర్తి చేసి ఉండాలి. అంటే గ్రాంటు రావాలంటే ముందు రెండు గ్రాంట్లు వచ్చి ఉండాలి. ఈత వస్తేనే నీళ్ళలోకి దిగమన్నట్టు. ఆ మొదటి గ్రాంటు మాలాంటివాళ్ళకు ఎక్కడ దొరుకుతుంది సార్?

ఇంకోటి. ప్రమోషన్లకు 2018 యూజీసీ రెగ్యులేషన్ల లెక్కలో 10 లక్షలు దాటిన ప్రాజెక్టు పూర్తి చేస్తే 10 పాయింట్లు, దాటకపోతే 5. సైన్సులో ఒక పేపరుకు 8, ఆర్ట్స్‌లో ఒక్క పేపరుకే 10. రెండు మూడేళ్ళు బిల్లులతో, ఆడిట్‌తో చచ్చీచెడీ చేసిన ప్రాజెక్టు, ఒక పేపరు దాదాపు ఒకటే బరువు తూగాయి. ప్రమోషన్ కావాల్సినవాడు ఏది ఎంచుకుంటాడు? టీచర్లు బద్ధకస్తులని అనే ముందు ఈ తూకం చూడాలి.

గుంట గట్టు

నేను టీచర్ని కాదు సార్. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి. బీఎస్సీ దాకా చదివాను. మా తమ్ముడు ఈ చర్చ పంపితే చదివాను.

మాకు యూనివర్సిటీతో పనుంది. వనామి రకం రొయ్య పెంచుకోవడానికి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. మొదట్లో బాగా పండింది. ఇప్పుడు ఈహెచ్‌పీ అనే జబ్బు ఒకటి పట్టుకుంది. వైట్ స్పాట్ జబ్బు వస్తే రొయ్య చచ్చి గట్టుకు కొట్టుకొస్తుంది, కళ్ళకు కనపడుతుంది, పట్టుబడి చేసేస్తాం. ఈహెచ్‌పీ అలా కాదు, రొయ్య చావదు, పెరగదు. పోయినసారి తొంభై రోజులకు చెక్ ట్రే (గుంటలో మేత పెట్టి చూసే పళ్ళెం) ఎత్తి చూస్తే ఒకటి నా చూపుడు వేలంత, పక్కనే ఇంకోటి చిటికెన వేలంత. మేత మాత్రం రెండిటికీ పోశాను.

టెస్టు చేయించాలంటే ల్యాబులు లేక కాదు. మేత అమ్మేవాళ్ళకీ, మందులు అమ్మేవాళ్ళకీ ల్యాబులున్నాయి. టెస్టు ఫ్రీ. రిపోర్టుతో పాటు మందు పేరు రాసిన చీటీ కూడా ఇస్తారు. ఆ చీటీ నమ్మాలో లేదో చెప్పే మనిషి నాకు కావాలి. మందు అమ్మని మనిషి. ఆ మనిషి యూనివర్సిటీలో ఉంటాడనుకుని ఒకసారి శాంపిల్ ఐస్ బాక్సులో పెట్టుకుని ఒక చోటికి వెళ్ళాను. మిషను ఉంది, రసాయనాలకు డబ్బు లేదన్నారు. ఐస్ కరిగిపోయింది, తిరిగొచ్చేశాను.

ఉదయగిరి కొండ

మీరు రాసింది రెండుసార్లు చదివాను బాబూ. చాలా బాధేసింది.

కానీ మీ అనుభవం నా వాదనకే బలం అనుకుంటున్నాను. అనుసంధాన్ ఫౌండేషన్ ఐదేళ్ళకు 50,000 కోట్ల లెక్క. అందులో దాదాపు 36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచి, పరిశ్రమల నుంచీ దాతల నుంచీ రావాలని వాళ్ళ ఆలోచన. నెల్లూరులో రొయ్యలున్నాయి, చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ ఉంది. మన యూనివర్సిటీలు వాటి దగ్గరికి వెళ్ళి ఎందుకు అడగకూడదు?

పొదిలి బస్సు

సార్, గుంట గట్టు అన్న చెప్పింది అదే కదా. డబ్బు ఇచ్చేవాడి చీటీ రిపోర్టు వెంటే వస్తుంది. మేత కంపెనీ డబ్బుతో మేత మీద పరీక్ష చేస్తే ఆ రైతు నా మాట ఎందుకు నమ్మాలి? ఇక గ్రానైట్ దుమ్ము కూలీల ఊపిరితిత్తుల్లో ఏం చేస్తోందో కొలవడానికి క్వారీ యజమాని డబ్బిస్తాడా? బోరు నీళ్ళు తాగే ముసలమ్మ తరఫున ఏ పరిశ్రమ వస్తుంది? పరిశ్రమ డబ్బు వద్దనడం లేదు. అదొక్కటే అయితే మన జిల్లాల్లో అడగాల్సిన ప్రశ్నల్లో సగం అడగలేం.

రాతి పలక

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. హిస్టరీ టీచర్ని. రొయ్యలు, నీళ్ళు అంటే కనీసం అవసరం ఉందని ఒప్పుకుంటారు, మాకు ఆ అదృష్టం కూడా లేదు.

నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆ రాళ్ళలో ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? సెలవుల్లో బండి మీద తిరిగి ఇప్పటికి ఇరవై ఆరు చోట్ల చూశాను. ఒక ఊళ్ళో గుడి బాగుచేస్తూ శాసనం రాయి మీద ఎనామెల్ పెయింట్ కొట్టేశారు. వేలితో తడిమితే అక్షరాలు పెయింట్ కింద తగులుతున్నాయి, చదవలేం. ఇంకో ఊళ్ళో రాయిని బోర్లించి బట్టలుతికే బండ చేశారు. పక్కకు తిప్పి చూడనివ్వమంటే ఆ ఇంటావిడ చక్కగా ఒప్పుకుంది, నలుగురం పట్టి తిప్పాం, అక్షరాలు అలాగే ఉన్నాయి.

దీనికి నాకు కావాల్సింది పెట్రోలు, ఒక కెమెరా, అచ్చు తీసే కాగితం. ఐసీఎస్ఎస్ఆర్ (సోషల్ సైన్సుల రీసెర్చ్‌కి డబ్బిచ్చే కేంద్ర సంస్థ) లాంటి చోట అడగాలంటే ప్రపోజల్‌కి సైద్ధాంతిక చట్రం రాయమంటారు. రాయడం రాక కాదు. అది రాసి, కమిటీకి వెళ్ళి, జవాబు వచ్చేలోపు ఇంకో నాలుగు రాళ్ళకు పెయింట్ పడుతుంది. ఏటా యాభై వేలు చేతికిస్తే చాలు, రెండు లక్షలు కూడా వద్దు.

బిల్లు నంబర్ 14

ఇంతసేపూ మీరు తిడతారేమోనని చూస్తూ కూర్చున్నాను. అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తాను. గ్రాంటు ఫైళ్ళు నా బల్ల మీదికే వస్తాయి.

డబ్బు ఎలా ఇచ్చినా, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే కాగితం) పంపకపోతే తర్వాతి విడత రాదు. ఏ హెడ్ (ఖర్చు పద్దు) కింద ఇస్తే ఆ హెడ్‌లోనే ఖర్చు పెట్టాలి. మిగిలిన డబ్బుకు వచ్చిన వడ్డీ వెనక్కి కట్టాలి. టీచర్లు మమ్మల్ని కొర్రీలు పెట్టేవాళ్ళంటారు. మార్చి చివరి వారంలో ఒక సార్ కవరు నిండా ఆర్టీసీ టికెట్లు తెచ్చారు. మిషను టికెట్లు కదా, ఎండకు అక్షరాలన్నీ ఎగిరిపోయాయి. తెల్ల కాగితం ముక్కలు. ఆయన నిజంగా తిరిగారని నాకు తెలుసు, ఆడిట్‌కి ఏం చూపించాలి? ఆ అభ్యంతరం నా పేరు మీద ఉంటుంది, రిటైరయ్యాక నా పెన్షన్ దగ్గర అడుగుతారు.

కేంద్రం 2025 జూన్‌లో రీసెర్చ్ సంస్థలకు కొనుగోలు నిబంధనలు సడలించింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలైంది, పరికరాలను జెమ్ పోర్టల్ (ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైట్) బయట కొనడానికి వీసీలు, డైరెక్టర్లు అనుమతి ఇవ్వొచ్చు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో యూనివర్సిటీలకు వచ్చే రీసెర్చ్ గ్రాంట్ల మీద జీఎస్టీ తీసేయాలని జీఎస్టీ కౌన్సిల్ తీర్మానించింది. ఇవన్నీ మంచివే. అవి మాకు వర్తిస్తాయా లేదా అని కాగితం మీద ఎవరూ స్పష్టంగా రాసివ్వకపోతే నాలాంటివాడు పాత రూలే పట్టుకుంటాడు. భయంతో, పొగరుతో కాదు.

పొదిలి సార్ అడిగినట్టు అందరికీ రెండేసి లక్షలిస్తే, ఇప్పుడు పది ఫైళ్ళు చూసే నేను రెండొందలు చూడాలి. ముందు గ్రాంట్లు చూసే ఇద్దరు మనుషులను వేయండి. ప్రపోజల్ బడ్జెట్ రాసేటప్పుడే టీచరు పక్కన కూర్చునేవాళ్ళను. తర్వాత పంచండి, పోటీ పెట్టండి, ఏదైనా చేయండి.

ఉదయగిరి కొండ

బిల్లు నంబర్ 14 గారూ, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. నా బీరువాలో ఉన్న రిపోర్టుల్లో కొన్ని ఎందుకు చప్పగా ఉన్నాయో ఇప్పుడు తోస్తోంది. పనికిరాని పరికరం కొనడం తేలిక, పల్లె తిరగడం కష్టం, ఎందుకంటే పరికరానికి బిల్లు ఉంటుంది.

పోటీ ఉండాలన్న మాట మీద మాత్రం ఇప్పటికీ ఉన్నాను. 30 లక్షల పరికరం కొనాలన్నా, రీసెర్చ్ స్కాలర్‌కి మూడేళ్ళు జీతం ఇవ్వాలన్నా పోటీ లేకుండా కుదరదు, కుదరకూడదు. అయితే ఏటా ఒకే పని విసుగు లేకుండా చేసే మనిషికి, రాయి మీద పెయింట్ పడక ముందే వెళ్ళాల్సిన మనిషికి, మొదటి గ్రాంటు లేనివాళ్ళకు చిన్న డబ్బు వేరే దారిలో రావాలి. అది రెగ్యులర్ వాళ్ళకే పరిమితం చేయకూడదు. మేడమ్ చెప్పిన తలుపు సంగతి మేం కమిటీల్లో కూర్చున్నప్పుడు ఒక్కసారీ అడగలేదు, అందులో నా తప్పూ ఉంది.

పొదిలి బాబూ, వెనక్కి వచ్చిన ఆ రెండు ప్రపోజల్సూ నాకు పంపండి. "కొత్తదనం తక్కువ" అన్నచోట పదేళ్ళు కొలవడమే కొత్తదనం అని ఎలా రాయాలో కలిసి చూద్దాం.

పొదిలి బస్సు

పంపుతాను సార్. ఒక మాట మాత్రం వదలను: మీరు దిద్ది అది గెలిచినా, మీలాంటి పెద్దాయన దొరకని ఇంకో టీచరు ఓడిపోతూనే ఉంటారు.

బిల్లు నంబర్ 14 గారూ, మీ ఆర్టీసీ టికెట్ల మాటతో గుండె జారింది. నావి ఇంటికెళ్ళి చూశాను. పోయిన ఏడాదివి సగం తెల్లబడ్డాయి. ఇకమీదట దిగగానే ఫోటో తీస్తాను.

కావలి ప్యాసింజర్

సార్, మీ నలభై బోర్లలో కొండపి వైపు ఏమైనా ఉన్నాయా? మా అత్తగారి ఊరు అటే. నెలకోసారి వెళ్తాను. వీధి చివర చేతి పంపు ఒకటి, బడి దగ్గర బోరు ఒకటి ఉన్నాయి. గ్రాంటు వచ్చేదాకా ఆగక్కర్లేదు, నీళ్ళు నేను పట్టి తెస్తాను. సీసాలు ఎలాంటివి కావాలి?

పొదిలి బస్సు

లేవు మేడమ్, అటు ఒక్కటీ లేదు. అర లీటరు ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి, గాజువి వద్దు. పంపు ఐదు నిమిషాలు కొట్టి వదిలేశాక, అదే నీళ్ళతో సీసా, మూత మూడుసార్లు కడిగి నిండా పట్టండి. మీద ఊరు, పంపు ఎక్కడుందో, తేదీ రాయండి. బడి దగ్గర బోరు ముందు పట్టండి.