తుఫానుకు ముందే పెంపుడు జంతువులను సిద్ధం చేయడం: మీ అనుభవాలు తెలపండి

తోకచుక్క:
తుఫాను హెచ్చరిక వెలువడ్డాక మనుషుల సామాను సర్దుకోవడానికే సమయం చాలదు కనుక, ఇంట్లోని మూగజీవాల కోసం మీరు ముందుగా ఏం సిద్ధం చేసుకుంటున్నారో తెలుసుకోవాలనుకుంటున్నాను. మా కుక్క పిలిస్తే వస్తుంది. నా బెంగంతా పిల్లి గురించే.

మార్జాలం:
తోకచుక్క గారూ, పిల్లి విషయంలో చేయవలసిందంతా ఆకాశం నిర్మలంగా ఉన్న వారాల్లోనే చేయాలి. మా ఇంట్లో పిల్లిని తీసుకువెళ్లే బుట్టను అటక మీద దాచము. తలుపు తీసి, అది రోజూ పడుకునే పాత దుప్పటి లోపల పరిచి, హాలులో ఒక మూల ఎప్పుడూ ఉంచుతాము. మొదట బుట్ట తలుపు దగ్గర, తరువాత కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ తిండి పెట్టాము. అది తనంతట తాను వెళ్లి నిద్రపోవడం మొదలయ్యాకే తలుపు కాసేపు మూసి తెరిచాము. ఆసుపత్రికి వెళ్లే రోజున మాత్రమే బుట్ట బయటికి తీసే ఇళ్లలో, గడియ చప్పుడు వినగానే పిల్లి మాయమవుతుంది. అన్నట్టు, గాలి ముదరక ముందే దానిని ఒకే గదిలో ఉంచి, మంచం కింది ఖాళీని, బీరువా వెనుక సందును అట్టలతో మూసివేయండి.

మందులచీటి:
పశువైద్యశాలలో పనిచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. తప్పిపోయిన జంతువును గుర్తుపట్టడానికి చర్మం కింద పెట్టే మైక్రోచిప్ వేయించినంత మాత్రాన పని పూర్తి కాదు. బియ్యపు గింజంత ఉండే ఆ చిప్‌లో సాధారణంగా 15 అంకెల సంఖ్య మాత్రమే ఉంటుంది. అది జంతువు ఎక్కడున్నదీ చూపించదు. ఆ సంఖ్యతో నమోదైన ఫోను నంబరు పాతదైతే దొరికిన జంతువు కూడా ఇంటికి చేరదు. ఉరుములకు వణికే కుక్కకు మందు కావాలంటే వైద్యుని ముందుగానే అడిగి, మామూలు రోజున ఒకసారి వేసి చూడండి. మనుషుల మాత్రలు మాత్రం వద్దు. పారాసిటమాల్ పిల్లి ప్రాణమే తీయగలదు.

తోకచుక్క:
ధన్యవాదాలు. కుక్కకు నీరు ఎంత నిల్వ చేయాలి? వెంట తీసుకుపోవడం కుదరకపోతే కట్టి ఉంచవచ్చా?

మందులచీటి:
కిలో బరువుకు రోజుకు సుమారు 60 మిల్లీలీటర్ల లెక్కన, 10 కిలోల కుక్కకు వారానికి నాలుగు లీటర్లకు పైగా కావాలి. ఉక్కపోతకు మరికొంత కలపండి. కట్టి ఉంచడం ఎంతమాత్రం తగదు, నీరు పెరిగితే గొలుసే ఉరి అవుతుంది. 2005లో కత్రినా తుఫాను సమయంలో జంతువులను వదలలేక ఇళ్లలోనే ఉండిపోయినవారి అనుభవం చూశాకే, మరుసటి ఏడాది అమెరికా వాటినీ తరలింపు ప్రణాళికల్లో చేర్చాలని చట్టం చేసింది. మీ దగ్గరి ఆశ్రయ కేంద్రాల్లో జంతువులను అనుమతిస్తారో లేదో ఇప్పుడే కనుక్కోండి. టీకా పత్రాల నకళ్లను, జంతువుతో మీరు కలిసి ఉన్న ఫొటోను తడవని సంచిలో పెట్టుకోండి. వరద నీటిని మాత్రం తాగనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది.

గాజుతొట్టి:
చేపలను అందరూ మరిచిపోతారు. కరెంటు పోయినప్పుడు వాటికి ముప్పు ఆకలి వల్ల కాదు, ప్రాణవాయువు తగ్గడం వల్ల. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు కొన్ని రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటాయి కనుక మేత ఆపివేయండి. వేసిన మేత కుళ్లి ఉన్న ప్రాణవాయువును కూడా హరిస్తుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు లేనివారు, తొట్టిలోని నీటినే చెంబుతో ముంచి కొంత ఎత్తు నుంచి తిరిగి పోస్తూ ఉంటే సరిపోతుంది, రాత్రి వేళ కూడా.