నికోడెమస్ రైతులు పొలాలను ఎలా నిలుపుకున్నారు?

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతి కుటుంబాలు 1877లో స్థాపించుకున్న నికోడెమస్ అనే వ్యవసాయ పట్టణం గురించి తెలిసినవారి సహాయం కోరుతున్నాను. కెంటకీ నుంచి వలస వచ్చిన ఆ కుటుంబాలు, చెట్లు బొత్తిగా కరువైన ఆ మైదానంలో ఇళ్లకు కలప దొరకక, నేలను తవ్వి, పైన గడ్డివేళ్లు పట్టుకున్న మట్టిపెళ్లలు కప్పుకొని తొలి చలికాలం గడిపాయి; వేట నుంచి తిరిగి వెళుతున్న ఓసేజ్ తెగవారు తమ ఆహారంలో కొంత వారికి పంచి ఇచ్చారని చెబుతారు. 1888లో రైలుమార్గం ఊరిని తప్పించి సోలమన్ నదికి అవతలగా వెళ్లడంతో వ్యాపారులు తరలిపోయారు. చాలా కథనాలు అక్కడితో ముగిసిపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఊరు విడవని రైతులు, వానలు ముఖం చాటేసిన ఏళ్లలో, విత్తనాలకూ కాడి పశువులకూ అప్పు ఎవరి దగ్గర తెచ్చుకున్నారో, భూమి పట్టాలను ఎలా కాపాడుకున్నారో దయచేసి వివరించగలరా?