హెచ్-4 ఈఏడీకి (పని అనుమతి కార్డుకు) 7 నెలల గడువే ఉందని ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. ఫిర్యాదు నిలబడుతుందా?

అరోరా_లత:
మేం అమెరికాలోని ఇల్లినాయిలో ఉంటాం. మావారిది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నాది దాని మీద ఆధారపడ్డ హెచ్-4. డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ వస్తే సంతకం చేసి పంపాను. ఐ-9 (ఉద్యోగి పని అనుమతిని కంపెనీ సరిచూసే ఫారం) కోసం ఈఏడీ కార్డు చూపించగానే హెచ్ఆర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. కార్డు 7 నెలల్లో ముగుస్తోందట, సిటిజన్లను, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనే తీసుకోవడం వాళ్ల పాలసీ అట. నేను స్పాన్సర్‌షిప్ అడగలేదు. కంపెనీలో 200 మంది దాకా ఉంటారు. ఎవరికి ఫిర్యాదు చేయాలి? మావారి హెచ్-1బీకి ఏమైనా ఇబ్బంది వస్తుందా?

ఫారాల_సంగతి:
లత గారూ, ముందు ఆ ఈమెయిల్‌ను, ఆఫర్ లెటర్‌ను, ఉద్యోగ ప్రకటన స్క్రీన్‌షాట్‌ను తేదీలతో సహా భద్రం చేసుకోండి. కంపెనీ పోర్టల్లో ఉన్నవి ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం. ఇక ఆ ఈమెయిల్లో రెండు కారణాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే ఫిర్యాదు తప్పు గుమ్మం ముందుకు వెళ్తుంది.

"సిటిజన్, గ్రీన్ కార్డు మాత్రమే" అనడం పౌరసత్వ హోదా వివక్ష. 1986 నాటి ఫెడరల్ చట్టం దీన్ని నిషేధించింది. అయితే ఆ రక్షణ సిటిజన్లకు, నేషనల్స్‌కు, గ్రీన్ కార్డుదారుల్లో చాలామందికి, శరణార్థులకు, అసైలం పొందినవారికి మాత్రమే. హెచ్-4, హెచ్-1బీ, ఓపీటీ (చదువుకు సంబంధించి విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి) వాళ్లు అందులో లేరు. ఇది అన్యాయమే, కానీ చట్టం రాసిన తీరు అది. ఈ ఒక్క కారణం మీదే ఫెడరల్ ఫిర్యాదు పెడితే కొట్టేస్తారు.

"కార్డు గడువు తొందరగా ముగుస్తోంది" అనడం వేరే సంగతి. ఈఏడీ, అంటే ఐ-766, ఐ-9లో లిస్ట్ ఏ పత్రం, గుర్తింపునూ పని అనుమతినీ రెండింటినీ నిరూపించేది. అది ఒక్కటీ చూపిస్తే చాలు. ఈ రోజుకు చెల్లుతున్న పత్రాన్ని ముందుముందు గడువు ముగుస్తుందన్న సాకుతో తిరస్కరించడం, ఫలానా పత్రమే తెమ్మనడం అదే చట్టంలోని ఇంకో క్లాజు కిందికి వస్తాయి. పని అనుమతి ఉన్న అందరికీ ఆ క్లాజు వర్తిస్తుంది. మీరు ఆఫర్ ఒప్పుకుని ఐ-9 దశకు వచ్చాక ఇలా జరగడం మీకు బలం.

దీన్ని చూసేది న్యాయశాఖలోని ఐఈఆర్ (వలసదారుల, ఉద్యోగుల హక్కుల) విభాగం. ఘటన జరిగిన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేరాలి. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. ముందుగా వర్కర్ హాట్‌లైన్ 1-800-255-7688కి ఫోన్ చేయండి, పేరు చెప్పకుండా కూడా మాట్లాడొచ్చు. మీరు ఒప్పుకుంటే వాళ్లే కంపెనీకి ఫోన్ చేసి నియమం వివరిస్తారు. హెచ్ఆర్‌కు తెలియక చేసిన పొరపాటైతే ఈ ఫోన్‌తోనే సర్దుకునే అవకాశం ఉంది.

సియాటిల్_రవి:
పై జవాబులో లేనిది ఇల్లినాయి రాష్ట్ర చట్టం. లత గారికి అసలు బలం అక్కడే ఉంది. 2021 ఆగస్టు నుంచి ఇల్లినాయి మానవ హక్కుల చట్టంలో "పని అనుమతి హోదా" ఆధారంగా వివక్ష చూపడం నిషేధం. స్పాన్సర్ చేయమని కంపెనీని ఆ చట్టం బలవంతపెట్టదు. ఈఏడీకి స్పాన్సర్‌షిప్పే అక్కర్లేదు కాబట్టి ఆ మినహాయింపు చూపించి తప్పించుకోవడం కష్టం. ఫిర్యాదు ఇల్లినాయి మానవ హక్కుల శాఖకు ఇవ్వాలి. 2025 జనవరి 1 నుంచి దానికి గడువు 2 ఏళ్లు. అలాగని ఆగకండి, ఐఈఆర్ 180 రోజులు ఈలోపే అయిపోతాయి.

వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రాల్లోనూ ఇమిగ్రేషన్ హోదాకు రక్షణ ఉంది. చాలా రాష్ట్రాల్లో లేదు. అందుకే ఇలాంటి ప్రశ్న అడిగేటప్పుడు రాష్ట్రం పేరు తప్పక రాయండి.

అరోరా_లత:
చాలా థాంక్స్ అండి. ఈఈఓసీకి (సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు) కూడా ఫిర్యాదు పెట్టాలా?

ఫారాల_సంగతి:
"ఇండియన్స్ వద్దు" అన్నట్టు, యాస గురించి, పేరు గురించి ఏదైనా అని ఉంటేనే. 15 మంది, అంతకు మించి ఉన్న కంపెనీల్లో జాతీయ మూలం వివక్షను ఈఈఓసీ చూస్తుంది. ఇల్లినాయిలో దానికి గడువు 300 రోజులు. మీరు చెప్పినదాంట్లో ఆ ఛాయ కనిపించలేదు. లేనిది కలిపి రాస్తే ఉన్నది బలహీనపడుతుంది.

మీ వారి సంగతి: ఐఈఆర్ న్యాయశాఖ విభాగం, ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ కాదు. మీ హెచ్-4 ఆయన హోదా మీద ఆధారపడింది, ఈ కంపెనీ మీద కాదు. ఫిర్యాదు చేశారని కక్ష సాధిస్తే అది విడిగా మరో ఉల్లంఘన.

హెచ్ఆర్_నుంచి:
కంపెనీల భయం ఎక్కడ మొదలవుతుందో కూడా తెలిస్తే మంచిది. ఈఏడీ రెన్యువల్ పెట్టుకుంటే దొరికే 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు, 2025 అక్టోబర్ 30న గానీ తర్వాత గానీ దాఖలు చేసినవాటికి లేదు, హెచ్-4తో సహా. పాత కార్డు ముగిసి కొత్తది రాకపోతే ఆ రోజు నుంచి పని ఆపించాల్సిందే. అప్పుడు ఆపడం వివక్ష కాదు. కానీ 7 నెలల తర్వాత రావచ్చో రాకపోవచ్చో తెలియని ఆ రోజు కోసం ఇవాళే ఉద్యోగం తీసేయడం వేరు.

రెన్యువల్‌ను గడువుకు 180 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఆ మొదటి వారంలోనే పెట్టేయండి. హెచ్-4 ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) గడువు దాటి ఈఏడీ ఇవ్వరు, కాబట్టి ఐ-94 కూడా ముగియబోతుంటే ఐ-539 (హోదా పొడిగింపు దరఖాస్తు), ఐ-765 (ఈఏడీ దరఖాస్తు) కలిపి పంపాలి.

ఇంకొకటి. కొంతమంది ఈఏడీ చూపించడం ఇష్టంలేక డ్రైవింగ్ లైసెన్స్, సోషల్ సెక్యూరిటీ కార్డు ఇస్తారు. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద "వ్యాలిడ్ ఫర్ వర్క్ ఓన్లీ విత్ డీహెచ్ఎస్ ఆథరైజేషన్" (హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుంది) అని ఉంటే అది లిస్ట్ సీ (పని అనుమతిని నిరూపించే పత్రాలు) కింద చెల్లదు. దాన్ని హెచ్ఆర్ తిప్పి పంపితే అది వివక్ష కాదు.

ఓపీటీ_ప్రశ్నలు:
అప్లికేషన్‌లోని రెండు ప్రశ్నల గురించి. "అమెరికాలో పనిచేయడానికి అనుమతి ఉందా", "ఇప్పుడు గానీ ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా" అని కంపెనీ అడగొచ్చు. తర్వాత హెచ్-1బీ కావాల్సిన ఓపీటీ వాళ్లు రెండింటికీ "అవును" అనాలి. స్పాన్సర్ చేయలేమని తిరస్కరిస్తే ఫెడరల్ చట్టం కింద వాళ్లకు దారి లేదు. హెచ్-4 ఈఏడీతోనే పనిచేసేవారు రెండోదానికి "కాదు" అనొచ్చు. మన కన్సల్టెన్సీల వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే "ఓపీటీ, హెచ్-4 ఈఏడీ మాత్రమే" ప్రకటనలూ ఇదే చట్టాన్ని ఉల్లంఘిస్తాయి. అక్కడ నష్టపోయేది సిటిజన్లు, గ్రీన్ కార్డుదారులు. అలాంటివి ఫార్వర్డ్ చేయకండి.

అరోరా_లత:
హాట్‌లైన్‌కు సోమవారం ఫోన్ చేస్తాను. ఆలోపు ఆఫర్ రద్దుకు కారణం ఏంటో మళ్లీ ఒకసారి ఈమెయిల్లో అడగనా?

ఫారాల_సంగతి:
అడగండి, మూడు లైన్లు చాలు. "ఈ రోజు చెల్లుబాటులో ఉన్న ఐ-766 ఇచ్చాను, స్పాన్సర్‌షిప్ అవసరం లేదు, ఆఫర్ రద్దుకు కారణం దయచేసి రాతపూర్వకంగా తెలపండి" అని. చట్టం పేర్లు, బెదిరింపులు అందులో వద్దు. ఆఫీసు ఈమెయిల్ నుంచి కాక సొంత ఐడీ నుంచి పంపండి.