ఓడలకు అతివాహక మోటార్లు: బరువు తగ్గితే చాలా?

సముద్రఘోష:
అమెరికా నౌకాదళం కోసం నిర్మించిన 36.5 మెగావాట్ల అతివాహక మోటారు (బాగా చల్లబరిస్తే విద్యుత్తును నిరోధం లేకుండా మోసే తీగలతో చేసినది) 2009 జనవరిలో ఫిలడెల్ఫియా పరీక్షా కేంద్రంలో పూర్తి సామర్థ్యంతో నడిచింది. అంతే శక్తిగల రాగి మోటారు 200 టన్నులు దాటుతుంది. ఇది 75 టన్నుల లోపే. అయినా జుమ్‌వాల్ట్ యుద్ధనౌకలు మామూలు రాగి చుట్టల ఇండక్షన్ మోటార్లతోనే సముద్రంలోకి దిగాయి. ఇది అతిజాగ్రత్త తప్ప మరొకటి కాదు.

రాగితీగ:
ఆ నౌకలకు మోటారు ఎంపిక ఈ పరీక్షకు ఏళ్ల ముందే ముగిసింది, సముద్రఘోష గారూ. మొదట అనుకున్న శాశ్వత అయస్కాంత మోటారు పరీక్షల్లో నిలవకపోవడంతో, అప్పటికే నమ్మకం కుదిరిన ఇండక్షన్ మోటారు వైపు మళ్లారు. ఇక బరువు సంగతి: నౌకే సుమారు 15,000 టన్నులు, రెండు మోటార్ల మీద 250 టన్నులు మిగిలినా అది రెండు శాతం లోపే. అందుకు ప్రతిగా అతివాహక మోటారులో తిరిగే భాగమైన రోటారును 30 కెల్విన్ల (సుమారు మైనస్ 243 డిగ్రీల సెల్సియస్) దరిదాపుల్లో ఉంచే హీలియం వాయు ప్రసరణను, శూన్య కవచాన్ని, శీతల యంత్రాలను, అవి చెడితే ఆదుకునే అదనపు యంత్రాలను మోయాలి. ఆ చలిలో ఒక్క వాటు వేడిని తోడిపోయడానికి బయట పదుల వాట్లు ఖర్చవుతాయి. పైగా ఒకసారి వెచ్చబడిన రోటారు మళ్లీ చల్లబడేదాకా ఓడ ఎవరి కోసం ఆగుతుంది?

యంత్రశాల:
మీరిద్దరూ బరువు దగ్గరే ఆగిపోయారు. మోటారు పరిమాణాన్ని నిర్ణయించేది శక్తి కాదు, టార్క్, అంటే ఇరుసును తిప్పే బలం. గేర్లు లేకుండా నిమిషానికి 120 చుట్లతో 36.5 మెగావాట్లు ఇవ్వాలంటే సుమారు 29 లక్షల న్యూటన్-మీటర్ల టార్క్ కావాలి. సాధారణ మోటారులో ఇనుప పళ్లు రెండు టెస్లాల అయస్కాంత క్షేత్రం దగ్గర సంతృప్తమై, అంతకు మించి పెద్దగా మోయలేవు కనుక, టార్క్ పెంచాలంటే యంత్రాన్ని పెంచడమే దారి. రోటారులో అతివాహక తీగచుట్టలు వాడితే ఆ కట్టడి సడలుతుంది. (కదలని భాగమైన స్టేటరు మాత్రం రాగిదే, ఏకాంతర విద్యుత్తు వల్ల అతివాహకంలోనూ నష్టాలు తప్పవు.) టర్బైనుతో వేగంగా తిరిగే జనరేటరుకు టార్క్ తక్కువ, అది ఇప్పటికే చిన్నది, అక్కడ అతివాహకంతో ఒరిగేది స్వల్పం. ఓడ అడుగున వేలాడే పాడ్‌లో మాత్రం మోటారు వ్యాసం తగ్గితే నీటి నిరోధమూ తగ్గుతుంది. నా దృష్టిలో వాదించదగిన చోటు అదొక్కటే.

సముద్రఘోష:
పాడ్ గురించి అంగీకరిస్తాను. అయితే శీతలీకరణ సముద్రంలో నిలవదన్న భయం నిజమైతే, 2008లో యూఎస్ఎస్ హిగ్గిన్స్ నౌకలో దాని ఉక్కు శరీరపు అయస్కాంత ముద్రను చెరిపే అతివాహక తీగలను ఎందుకు అమర్చారు?

రాగితీగ:
ఆ తీగలు చెడితే నౌక శత్రువుల సముద్ర మందుపాతరలకు కొంత ఎక్కువగా కనబడుతుంది, కానీ నడుస్తూనే ఉంటుంది. మోటారు చెడితే నడవదు.