నాయనమ్మ ముఖం నల్లగా వస్తోంది, సరిచేస్తే మైనపు బొమ్మలా మారుతోంది

ప్రశ్న (కావలి నుంచి)

నమస్కారమండీ. ఆరు నెలలుగా సెలవు రోజుల్లో పోర్ట్రెయిట్ ఫొటోలు తీయడం నేర్చుకుంటున్నాను. నా దగ్గర ఏపీఎస్-సీ సెన్సరు (వెలుగును పట్టే చిప్పుల్లో ఒక మధ్యస్థ సైజు) ఉన్న పాత కెమెరా, 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు ఉన్నాయి. మా నాయనమ్మను వసారాలో కూర్చోబెట్టి, వెనుక ఎండ పడే వాకిలి కనిపించేలా తీస్తే ఆమె ముఖం నల్లగా వస్తోంది. ఎడిటింగ్‌లో నీడల్లో వెలుగు పెంచితే రంగురంగుల చుక్కలు పైకి వస్తున్నాయి, వాటిని పోగొట్టడానికి చర్మాన్ని నునుపు చేస్తే ముఖం మైనపు బొమ్మలా మారిపోతోంది. ఆ ఫొటో చూసి నాయనమ్మ "ఇది నేను కాదురా" అన్నది. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. లోపం తీయడంలో ఉందా, ఎడిటింగ్‌లో ఉందా?

జవాబు (ఒంగోలు నుంచి)

లోపం కుర్చీ వేసిన దిక్కులో ఉందండీ. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఫ్రేములోని వెలుగునంతా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, వెనుక వాకిలి మండిపోతుంటే దానిని అదుపు చేయబోయి నీడలో ఉన్న ముఖాన్ని చీకట్లోకి నెట్టేస్తుంది. కుర్చీని అటు తిప్పి, వసారా అంచుకు ఒక అడుగు లోపల, ఎండ తగలకుండా, ముఖం వాకిలి వైపు ఉండేలా ఆమెను కూర్చోబెట్టండి. అప్పుడు వాకిలి నుంచి వచ్చే మెత్తని వెలుగు ముఖం మీద పడుతుంది, వెనుక ఇంటి లోపలి చీకటి నేపథ్యమవుతుంది. ముఖాన్ని కొద్దిగా పక్కకు తిప్పితే ఒక చెంప మీద నీడ చేరి ముడతలకు లోతు వస్తుంది, ఆ నీడ మరీ ఎక్కువైతే అటువైపు ఒక థర్మోకోల్ షీటు నిలబెడితే సరిపోతుంది. వేసవిలో వాకిలికి కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ మాత్రం తీసివేయండి, లేకపోతే చర్మమంతా పచ్చగా వస్తుంది, దానిని ఎడిటింగ్‌లో పోగొట్టడం చాలా కష్టం.

లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి ఉండే ఎఫ్/1.8 దగ్గర ఒకటిన్నర మీటరు దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 6 సెంటీమీటర్లే, అందువల్ల కంటి మీద ఫోకస్ చేసినా చెవి మసకబారుతుంది. రంధ్రాన్ని కొంత చిన్నది చేసి, ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4 మధ్య పెట్టి, కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ చేయండి. ముఖం ఫ్రేము నిండాలని మరీ దగ్గరకు వెళ్లకండి, ఎందుకంటే దగ్గరవుతున్నకొద్దీ ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా కనిపిస్తాయి, ఇది లెన్సు దోషం కాదు, దూరం వల్ల వచ్చేదే.

ఇకనుంచి రా ఫైలుగానే, అంటే సెన్సరు పట్టినదాన్ని కుదించకుండా దాచే ఫైలుగానే తీయండి. మామూలు జేపెగ్ ఫొటో ఫైలులో ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి కాబట్టి నీడల్లో వెలుగును కొంత పెంచినా తట్టుకుంటుంది. ఎడిటింగ్‌కు డార్క్‌టేబుల్, గింప్ ఉచితంగా దొరుకుతాయి. ముందు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగుల సర్దుబాటు), తరువాత వెలుగు సరిచూసుకుని, ఆఖరున మాత్రమే చర్మం జోలికి వెళ్లండి. దోమకాటు, చెమట మెరుపు వంటివి రేపటికి పోయేవి, వాటిని తీసేయవచ్చు. పుట్టుమచ్చ, ముడత, పచ్చబొట్టు ఆ మనిషివి, వాటిని ముట్టుకోకండి. నునుపు చేయక తప్పకపోతే వేరే లేయరులో, అంటే అసలు ఫొటో మీద పరిచే విడి పొరలో చేసి, దాని గాఢతను మూడో వంతుకు తగ్గించి, మరునాడు ఉదయం మరోసారి చూడండి.

జవాబు (కందుకూరు నుంచి)

పై జవాబుకు ఒక మాట చేర్చాలనిపించింది. మా ఇంటి పెళ్లి ఆల్బమ్‌లో ఒక స్టూడియో వారు మా అమ్మ చామనచాయ ముఖాన్ని పాలలో ముంచినట్లు తెల్లగా చేసి ఇచ్చారు. ఆమె ఇప్పుడు లేదు, ఆ ఆల్బమ్ తెరిచినప్పుడల్లా మాకు వేరెవరో కనిపిస్తారు. దయచేసి రంగు మార్చకండి. ముఖం బాగా కనబడాలంటే వెలుగు పెంచాలి గానీ చర్మాన్ని తెల్లబరచకూడదు.

ప్రశ్న (కావలి నుంచి)

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఈ రోజు కుర్చీ తిప్పి తీశాను, కళ్లలో మెరుపు వచ్చింది, చర్మాన్ని ఏమీ ముట్టుకోలేదు. వచ్చే ఆదివారం మా చెల్లెలిని తుమ్మలపెంట తీరంలో, సముద్రం వెనుక ఉండేలా తీయాలనుకుంటున్నాను. ఉదయం మంచిదా, సాయంత్రం మంచిదా?

జవాబు (నెల్లూరు నుంచి)

మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రం మీద ఉదయించి, ఊళ్ల వైపు అస్తమిస్తాడు. ఉదయం సముద్రాన్ని వెనుక పెట్టుకుంటే వసారాలో ఎదురైన చిక్కే మళ్లీ ఎదురవుతుంది. సాయంత్రం అస్తమయానికి ముందు అరగంటలో పడమటి ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది, సముద్రం వెనుక నీలంగా నిలుస్తుంది, అయితే మీ నీడ ఫ్రేములోకి రాకుండా కాస్త పక్కకు జరగండి. మధ్యాహ్నం అసలు వద్దు. నెల్లూరు సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉండడం వల్ల ఏప్రిల్ చివరలోనూ ఆగస్టు మధ్యలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అప్పుడు కనుగుంటలు నల్లని గుంటల్లా పడతాయి. తప్పనిసరైతే సరుగుడు తోటల నీడలోకి తీసుకువెళ్లండి, ఆకుల మధ్య నుంచి ముఖం మీద ఎండ మచ్చలు పడకుండా చూసుకోండి.

అక్కడ లెన్సు మార్చకండి, ఇసుక సెన్సరు మీదకు చేరుతుంది. ఇంటికి రాగానే ఉప్పుగాలి తగిలిన లెన్సును ముందు బ్లోయరుతో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊది, ఆ తరువాతే మెత్తని బట్టతో తుడవండి. నాయనమ్మ ఫొటో ప్రింటు వేయించేటట్లయితే, కాగితం మీద సాధారణంగా తెర మీదకంటే కొంత నల్లగా వస్తుంది కాబట్టి, మొదట చిన్న సైజులో ఒకటి తీయించి చూసి, వెలుగు సరిచేసుకున్న తరువాత పెద్దది వేయించండి.